ఇంట్లో నూనె దీపాలు: ఏ కుంది, ఏ నూనె, ఏ వత్తి? మన సీమ వాళ్ళు చెప్పండి

తుంగభద్ర_గట్టు (కర్నూలు):

అందరికీ నమస్కారం. ఈ మధ్యే కర్నూలులో కొత్త అద్దె ఇంట్లోకి మారాము. విడిగా పూజ గది లేదు. వంటింట్లో ఒక మూల చెక్క అల్మారా ఉంది, దాని పై అరలో దేవుడి పటాలు పెట్టుకున్నాము. రోజూ పొద్దున, సాయంత్రం దీపం పెడతాను. ఇత్తడి కుంది, అంగట్లో దొరికే దీపారాధన నూనె ప్యాకెట్, రెడీమేడ్ వత్తులు. నెల తిరక్కుండానే పైచెక్క మసిబారింది. కుంది అడుగు ఎప్పుడు చూసినా జిడ్డు జిడ్డుగా ఉంటుంది, ఎంత తోమినా పోదు.

ఇంకో సంగతి. గాలివాన వచ్చిందంటే మా వీధిలో కరెంటు పోతుంది, మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పలేం. మా అత్తమ్మ "ఇంట్లో ఒక లాంతరు ఉండాల" అంటుంది. మా ఆయన ఛార్జింగ్ లైటు చాలంటాడు. రెండేళ్ళ పాప ఉంది, చేతికి ఏది అందితే అది నోట్లో పెట్టుకుంటుంది. కార్తీకం వస్తోంది, నెలంతా రాత్రిళ్ళు కూడా దీపం వెలుగుతూ ఉండాలని అత్తమ్మ కోరిక. ఏం కొనాలి, ఏం పొయ్యాలి, ఎక్కడ పెట్టాలి? వాడిన అనుభవం ఉన్నవాళ్ళు వివరంగా చెప్పండి.

గానుగ_అన్న (అనంతపురం):

చెల్లెమ్మా, మాది పాతూరు దగ్గర గానుగ అంగడి. రోజూ ఈ ప్రశ్నే అడుగుతారు కాబట్టి నూనెల సంగతి నేను చెబుతాను.

నువ్వుల నూనె మరీ పల్చన కాదు, మరీ చిక్కన కాదు. వత్తిలోకి సాఫీగా ఎక్కుతుంది, మంట నిలకడగా ఉంటుంది. రోజువారీ దీపానికి నేను మొదట చెప్పేది ఇదే. చెనక్కాయ నూనె కూడా ఇంచుమించు ఇలాగే వెలుగుతుంది. ఆముదం వేరే తీరు. చాలా చిక్కన, వత్తిలోకి మెల్లగా ఎక్కుతుంది కాబట్టి మంట చిన్నగా ఉంటుంది, కానీ చాలాసేపు వస్తుంది. సన్నవత్తి వేసి ఉత్త ఆముదం పోస్తే కాసేపటికే మంట కునుకుతుంది. లావు వత్తి వెయ్యండి, లేదా రెండు పాళ్ళు నువ్వుల నూనెకు ఒక పాలు ఆముదం కలపండి. రాత్రంతా వెలగాల్సిన దీపానికి మా ఇంట్లో ఆ కలిపిన నూనే పోస్తాము.

కొబ్బరి నూనె వాసన బాగుంటుంది, పొగ తక్కువ. కానీ 24 డిగ్రీల దగ్గర గడ్డ కట్టడం మొదలవుతుంది. మనకు చలికాలం తెల్లవారుజామున అంతకంటే బాగా కిందికే పోతుంది. ఉన్నట్టుండి దీపం ఆరిపోయిందని వచ్చేవాళ్ళలో సగం మంది ఇదే పోసి ఉంటారు. నెయ్యి కూడా అంతే, కరిగించి పోసుకోవాలి.

కుంది అడుగు జిడ్డు గురించి. కుసుమ నూనె, పొద్దుతిరుగుడు నూనె, అవిసె నూనె లాంటివి గాలి తగిలే కొద్దీ చిక్కబడి జిగురవుతాయి. చెక్కకు వార్నిష్‌లో అవిసె నూనె వాడేది అందుకే. మీ ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో ఏయే నూనెలు కలిపారో ఉంటుంది, ఒకసారి చదవండి. దీపం నూనె ప్యాకెట్లలో ఎక్కువ భాగం రెండు మూడు నూనెలు కలిపి వాసన చేర్చినవే. "తినడానికి పనికిరాదు" అని కూడా రాసి ఉంటుంది. కాబట్టి వంట నూనెల పక్కన అసలు పెట్టకండి.

బజ్జీలు, వడలు వేయించి మిగిలిన నూనె దీపానికి పొయ్యకండి. అందులో పిండి తునకలు, ఉప్పు, తేమ ఉంటాయి. చిటపటలాడుతుంది, పొగ వస్తుంది.

దేవునికడప_వదిన (కడప):

గానుగ అన్నా, అన్నీ బాగా చెప్పినారు కానీ చెనక్కాయ నూనె మాట నేను ఒప్పుకోను. దేవుడి దగ్గర చెనక్కాయ నూనె వెలిగించకూడదని మా ఇంట్లో పెద్దవాళ్ళ మాట. నువ్వుల నూనె, ఆవు నెయ్యి, ఆముదం ఈ మూడే మాకు. ఇది నమ్మకం, లెక్క చూసి మార్చుకునేది కాదు.

చెల్లెమ్మా, మట్టి ప్రమిద కూడా ఒకటి పెట్టుకో. కొత్త ప్రమిదను కొన్ని గంటలు నీళ్ళలో నానేసి, బాగా ఆరనిచ్చి వాడాలి. లేకపోతే పోసిన నూనెలో చాలా భాగం మట్టే తాగేస్తుంది. ప్రమిద కింద ఇంకో ప్రమిద పెట్టి వెలిగించమని మన పెద్దలు ఊరికే చెప్పలేదు. మట్టి గుండా ఊరిన నూనె కింది ప్రమిదలో ఆగుతుంది, చెక్కకు అంటదు, వేడీ తగలదు. ఇత్తడి కుందికైనా కింద పళ్ళెం తప్పనిసరి.

రంగులు, అద్దాలు అంటించిన ప్రమిదలు దీపావళికి అంగళ్ళలో కుప్పలు పోస్తారు. లోపలి వైపు కూడా రంగు వేసినవి కొనకు. మంట దగ్గర ఆ రంగు కాలుతుంది, వాసన తల నొప్పి తెప్పిస్తుంది.

గానుగ_అన్న (అనంతపురం):

వదినా, మీ ఆచారం మీది, కాదనను. దేవుడి దగ్గర నువ్వుల నూనే వాడుకోండి. కరెంటు పోయినప్పుడు వెలుగు కోసం ప్రమిదలో పోసుకోవడానికి చెనక్కాయ నూనె పనికొస్తుందని నా మాట. మన జిల్లాలో ఆ నూనె లేని ఇల్లు ఉండదు కదా.

ప్రొద్దుటూరు_మాస్టారు (ప్రొద్దుటూరు):

నేను ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. మసి ఎందుకు వస్తుందో తెలిస్తే సగం సమస్య తీరుతుంది కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

దీపంలో నిజంగా మండేది నూనె కాదు, నూనె ఆవిరి. వత్తిలో పోగుల మధ్య సన్నటి సందుల గుండా నూనె తనంతట తానే పైకి పాకుతుంది. కొన దగ్గర వేడికి ఆవిరై మండుతుంది. ఆ ఆవిరికి సరిపడా గాలి అందితే మంట శుభ్రంగా ఉంటుంది. ఆవిరి ఎక్కువై గాలి చాలకపోతే కాలకుండా మిగిలిన కార్బన్ మసిగా పైకి పోతుంది. కాబట్టి మసి వస్తోందంటే మొట్టమొదట చూడాల్సింది నూనె బ్రాండు కాదు, వత్తి కొన. కొన ఎంత బయటికి ఉంటే అంత ఆవిరి పుడుతుంది. వడ్ల గింజంత బయటికి ఉంటే చాలు. మంట మీ బొటనవేలి గోరు కంటే పెద్దదైతే వత్తిని లోపలికి లాగండి.

ఫ్యాను గాలి రెండో కారణం. మంట ఊగినప్పుడల్లా చల్లబడి పొగ వదులుతుంది. మూడోది, నూనె అడుగంటడం. ఉన్నన్నాళ్ళూ నూనె మండుతుంది, అయిపోయాక వత్తే కాలుతుంది. ఆ చివరి పది నిమిషాల్లో వచ్చే పొగే ఎక్కువ. దీపాన్ని అంతదాకా వదలకుండా, ముందే నూనె పోయడమో శాంతింపజేయడమో చెయ్యాలి.

ఇక అర. తలుపు తీసి ఉన్నా సరే, దీపానికి పైన అడుగు దూరంలో చెక్క ఉంటే వేడి, మసి రెండూ దానికే. అమ్మా, మీది చెక్క అల్మారా అంటున్నారు, అదే నాకు అన్నిటికంటే ఎక్కువ భయం. పటాలు అల్మారాలోనే ఉండనివ్వండి. దీపాన్ని మాత్రం బయట ఒక గ్రానైట్ పలక మీద, పైన కనీసం మూడు అడుగులు ఖాళీ ఉండేట్టు పెట్టండి. కడప బండ ముక్క దొరికితే అది ఇంకా చవక.

లాంతరు గురించి మీ అత్తమ్మగారు అడిగినదానికి విడిగా రాస్తాను.

ఆదోని_పత్తి (ఆదోని):

మాస్టారు చెప్పిన వత్తి మాటకు నాదొక అనుబంధం. మాది పత్తి ఊరు, వత్తులు చెయ్యడం మా ఇంట్లో ఆడవాళ్ళందరికీ వచ్చు.

రెడీమేడ్ వత్తుల్లో పాలిస్టర్ దారం కలిపినవి ఉంటున్నాయి. కనుక్కోవడం తేలిక. పొడి వత్తిని పట్టకారుతో పట్టుకుని వెలిగించి చూడండి. పత్తైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుంది. పాలిస్టరైతే కరిగి నల్లటి గట్టి పూసలా ముద్ద కడుతుంది, ప్లాస్టిక్ వాసన వస్తుంది. ఆ ముద్ద నూనె దారిని మూసేస్తుంది, మంట కునుకుతుంది, పొగ వస్తుంది. అల్మారా నల్లబడటంలో దీని వంతు కూడా ఉండొచ్చు అక్కా.

గింజ తీసిన మామూలు పత్తి తెచ్చి ఇంట్లో చేసుకోండి. పచ్చి పత్తికి సహజంగా పల్చటి మైనపు పూత ఉంటుంది. అది నీళ్ళను దగ్గరికి రానివ్వదు కానీ నూనెను చక్కగా పీలుస్తుంది. మెడికల్ షాపులో దొరికే పత్తి కూడా పనికొస్తుంది, కాకపోతే తేమ త్వరగా పట్టేస్తుంది, వానాకాలం డబ్బాలో మూతపెట్టి ఉంచాలి. తేమ పట్టిన వత్తి చిటపటమంటుంది.

నెయ్యికి పువ్వొత్తి, నూనెకు పొడుగు వత్తి. పొడుగు వత్తిని మరీ బిగించి పేనితే నూనె ఎక్కదు, వదులుగా పేనితే మంట పెద్దదవుతుంది. వేళ్ళ మధ్య నొక్కితే కొంచెం మెత్తగా తగలాలి, అదే గుర్తు. వెలిగించే ముందు కాసేపు నూనెలో నాననివ్వండి.

నర్సమ్మ (కర్నూలు):

నేను ఆసుపత్రిలో కాలిన గాయాల వార్డులోనూ, పిల్లల వార్డులోనూ పనిచేసి రిటైరయ్యాను. రెండేళ్ళ పాప అన్నావు కదమ్మా, అందుకే రాస్తున్నాను. దయచేసి ఇది మాత్రం మొత్తం చదువు.

కిరోసిన్ తెస్తే ఎప్పుడూ నీళ్ళ సీసాలోనో కూల్‌డ్రింక్ సీసాలోనో పొయ్యొద్దు. పిల్లలు తాగేది అలాంటి సీసాల నుంచే. ఒకవేళ తాగితే వాంతి చేయించకూడదు. ఉప్పునీళ్ళు తాగించడం, గొంతులో వేలు పెట్టడం అసలు వద్దు. కిరోసిన్ కడుపులో కంటే ఊపిరితిత్తుల్లో ఎక్కువ హాని చేస్తుంది. వాంతి అయ్యేటప్పుడే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాప బాగానే ఉన్నట్టు కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకుపోండి. దగ్గు, ఆయాసం కొన్ని గంటల తర్వాత మొదలుకావచ్చు.

కాలితే కుళాయి కింద మామూలు చల్లటి నీళ్ళు 20 నిమిషాలు పట్టాలి. మన కర్నూలులో ఎండాకాలం మిద్దె మీద ట్యాంకు నీళ్ళు కాగుతూ వస్తాయి, అవి వద్దు. కుండలో నీళ్ళో, క్యాను నీళ్ళో పొయ్యండి. ఐసు ముక్కలు, టూత్‌పేస్ట్, సిరా, నెయ్యి, పసుపు ఏవీ పూయకండి. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసెయ్యండి. బట్టకు నిప్పంటుకుంటే పరుగెత్తకూడదు, నేల మీద పడుకోబెట్టి మందపాటి నూలు దుప్పటి కప్పాలి.

దీపం దగ్గరికి వంగేటప్పుడు కొంగు నడుముకు దోపుకోండి. పాలిస్టర్, నైలాన్ చీరలు కాలితే కరిగి ఒంటికి అతుక్కుంటాయి. పూజ చేసేటప్పుడు నూలు చీర కట్టుకుంటే మేలు.

తుంగభద్ర_గట్టు (కర్నూలు):

నర్సమ్మా, మీరు రాసింది అంతా మా అత్తమ్మకు చదివి వినిపించాను. మా ఆయన ఫోన్‌లో దాచుకున్నాడు. చాలా చాలా థ్యాంక్స్ అమ్మా.

ఒక సందేహం. దీపం వంటింట్లో పెట్టొచ్చా? గ్యాస్ సిలిండరు అదే గదిలో ఉంది.

ప్రొద్దుటూరు_మాస్టారు (ప్రొద్దుటూరు):

మంచి ప్రశ్న. వంటగ్యాస్ గాలి కంటే బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. కాబట్టి వంటింట్లో నేల మీద పెట్టిన దీపం అన్నిటికంటే ప్రమాదం. ఎత్తుగా, సిలిండరుకు, పొయ్యికి వీలైనంత దూరంగా, గాలి ఆడే కిటికీ ఉన్న వైపు పెట్టాలి. ముందు గదిలో జాగా ఉంటే దీపం అక్కడికి మార్చడమే నా సలహా. గ్యాస్ వాసన వస్తే ముందు దీపం ఆర్పెయ్యండి, రెగ్యులేటరు కట్టెయ్యండి, కిటికీలు తెరవండి, కరెంటు స్విచ్ వెయ్యనూ వద్దు తియ్యనూ వద్దు. గ్యాస్ లీకుకు దేశమంతా ఒకటే నంబరు 1906. గోడ మీద రాసి పెట్టుకోండి.

దేవునికడప_వదిన (కడప):

దీపం నోటితో ఊదకూడదు మాస్టారూ, పువ్వుతో కొండెక్కించాలి.

నర్సమ్మ (కర్నూలు):

రోజూ అలాగే చెయ్యి తల్లీ, నేనూ అలాగే చేస్తాను. గ్యాస్ వాసన వచ్చినప్పుడు మాత్రం ఊదెయ్యండి. దేవుడు ఏమీ అనుకోడు.

పాత_ఇత్తడి (తాడిపత్రి):

కుంది కొనేవాళ్ళ కోసం. మా కుటుంబం ఇత్తడి సామాన్ల వ్యాపారంలో ఉంది, ఇప్పుడు నేను అంగడి చూడటం లేదు కాబట్టి ఏదీ అమ్ముకోవడానికి రాయడం లేదు.

అంగడికి పోయేటప్పుడు చిన్న అయస్కాంతం జేబులో వేసుకుని పొండి. ఇత్తడికి అంటదు. అంటిందంటే లోపల ఇనుము, పైన పూత. తర్వాత బల్ల మీద పెట్టి వేలితో పై అంచును కొద్దిగా నెట్టి చూడండి. ఊగి మళ్ళీ నిలబడాలి, ఒరిగిపోకూడదు. పిల్లలున్న ఇంట్లో పొడుగాటి సెమ్మె వద్దే వద్దు, ఎంత అందంగా ఉన్నా సరే. అడుగు వెడల్పుగా, ఎత్తు తక్కువగా, బరువుగా ఉన్న కుంది కొనండి. సెమ్మె కాండం ముక్కలు ముక్కలుగా మర తిప్పి బిగించేవి ఉంటాయి. ఆ మరల దగ్గర సందుంటే నూనె కారుతుంది. అంగట్లోనే నీళ్ళు పోసి కాసేపు ఉంచి చూపించమని అడగండి. మొహమాటపడొద్దు, డబ్బులు మీవి.

వత్తి పెట్టే ముక్కు కొంచెం పైకి లేచి ఉండాలి. కిందికి వంగి ఉంటే వత్తి వెంట నూనె బొట్లు బొట్లుగా కారుతుంది, కుంది అడుగు జిడ్డుకు ఇదొక ముఖ్య కారణం. ఐదు ముఖాల దీపం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ నూనె, వేడి, మసి అన్నీ ఐదింతలు. పండగలకు పెట్టుకోండి.

తోమడానికి: ఎండిపోయిన పాత జిడ్డును చింతపండు ఒక్కటే వదిలించలేదు. ముందు బాగా వేడి నీళ్ళలో వాషింగ్ సోడా కలిపి కుందిని నానేయండి, జిగురు మెత్తబడుతుంది, పాత బ్రష్‌తో వస్తుంది. ఆ తర్వాత చింతపండు, ఉప్పు వేసి రుద్దితే మెరుస్తుంది. వెంటనే కడిగి పొడిబట్టతో తుడవాలి, లేకపోతే మరకలు పడతాయి. వెండి కుందులకు చింతపండు, ఉప్పు వద్దు, ఈ పద్ధతి ఇత్తడికే. మిగిలిన నూనె సింకులో పొయ్యకండి, కాగితంతో తుడిచి చెత్తలో వెయ్యండి, గొట్టాలు మూసుకుపోతాయి.

మిద్దెమీద_వెన్నెల (కర్నూలు):

అపార్ట్‌మెంట్లలో కార్తీక పౌర్ణమికి 365 వత్తులు వెలిగించేవాళ్ళ గురించి ఎవరైనా రాయండి. పోయినసారి మా పక్క ఫ్లాట్ వాళ్ళు గుమ్మం ముందు వెలిగిస్తే మంట మోకాలెత్తు లేచింది.

దేవునికడప_వదిన (కడప):

365 వత్తులంటే ఒక్కసారిగా నేతిలో తడిసిన అంత పత్తి మండుతుంది, అది దీపం కాదు, మంటే. ఇంట్లోనూ కారిడార్లోనూ వెలిగించేది కాదు. మేము గుడి ఆవరణలో, లేదా తులసికోట దగ్గర ఆరుబయట, పెద్ద మట్టి మూకుడులో పెట్టి వెలిగిస్తాము. పైన పందిరి, తోరణం, బట్టలారేసిన తాడు ఏవీ ఉండకూడదు. పక్కన ఇసుక బకెట్టు పెట్టుకోవాలి. మంటలో నూనె ఉన్నప్పుడు నీళ్ళు పోస్తే నూనె చిమ్మి మంట ఇంకా పెద్దదవుతుంది, పెద్ద మూతతో కప్పెయ్యాలి.

నదిలో, కేసీ కాలువలో వదిలే దీపాలు అరటి దొప్పల్లోనే వదలండి. థర్మోకోల్ దొప్పలు కొనకండి, అవి నీళ్ళలో అలాగే ఉండిపోతాయి.

ధర్మవరం_పట్టు (ధర్మవరం):

మా దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు చేసే ల్యాంప్‌షేడ్లు చాలామంది కొంటున్నారు. అందులో నూనె దీపం పెట్టొచ్చా అని అడుగుతుంటారు. పెట్టకూడదు. అది తోలు, వేడికి ముడుచుకుంటుంది, అంటుకుంటుంది కూడా. ఎల్‌ఈడీ బల్బు మాత్రమే పెట్టండి. పూర్వం తోలుబొమ్మలాటకు తెర వెనక ఆముదం దీపాలే పెట్టేవాళ్ళు నిజమే, కానీ బొమ్మ మంటకు ఎడంగా తెరకు ఆనుకుని ఉండేది. చుట్టూ తోలు మూసి లోపల మంట పెట్టడం వేరే సంగతి.

ప్రొద్దుటూరు_మాస్టారు (ప్రొద్దుటూరు):

లాంతరు గురించి రాస్తానన్నాను.

కిరోసిన్ చాలా పల్చన, పొడుగాటి వత్తి గుండా కూడా గబగబా పైకి పోతుంది. అందుకే లాంతరులో నూనె కింద, మంట పైన నాలుగైదు అంగుళాల ఎత్తులో ఉంటుంది. నువ్వుల నూనె అంత ఎత్తుకు ఎక్కలేదు. మన కుందుల్లో, ప్రమిదల్లో మంట నూనె మట్టానికి ఆనుకునే ఉండేది ఇందుకే. కాబట్టి లాంతరులో వంట నూనె పోస్తే వెలగదు, కుందిలో కిరోసిన్ పోస్తే మంట అదుపులో ఉండదు. ఏ నూనెకు తగ్గట్టు ఏ దీపం తయారైందో దానికి అదే పోయాలి. పూజ కుందిలో కిరోసిన్ ఎప్పుడూ పోయొద్దని నేను గట్టిగా చెబుతున్నాను.

ఇంకో లెక్క. మన దేశంలో కిరోసిన్‌కు ఫ్లాష్ పాయింట్ కనీసం 35 డిగ్రీలు ఉండాలని ప్రమాణం. అంటే ఆ వేడి దగ్గర దాని మీద ఉన్న ఆవిరికి నిప్పు తగిలితే భగ్గుమంటుంది. కర్నూలులో, అనంతపురంలో మే నెలలో నీడలోనే 40 దాటుతుంది కదా. డబ్బా మూత తీసి పెట్టిన గదిలో అగ్గిపుల్ల గీయడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. నువ్వుల నూనెకు ఆ పరిస్థితి రావాలంటే 200 డిగ్రీలు దాటాలి. ఇంట్లో పిల్లలుంటే నేను విత్తనాల నూనెల వైపే ఉంటాను.

మూత లేని, చిమ్నీ లేని కిరోసిన్ బుడ్డి మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. అలాంటి సాదా బుడ్డిలో కాలే కిరోసిన్‌లో 7 నుంచి 9 శాతం నల్లటి మసిగా గాల్లో కలుస్తుందని 2012లో వచ్చిన పరిశోధన తేల్చింది. ఆ పొగ పీల్చేది బుడ్డి ముందు కూర్చున్న పిల్లలే. గాజు చిమ్నీ ఉంటే గాలి కింది నుంచి బాగా లాగి మంట శుభ్రంగా ఉంటుంది. 1780ల్లో ఆర్గాండ్ అనే స్విట్జర్లాండ్ ఆయన దీపానికి చిమ్నీ చేర్చాక వెలుగు పెరిగి పొగ తగ్గింది. అది కిరోసిన్ దీపాలకు డెబ్బై ఏళ్ళ ముందే.

వెలుగు సంగతికొస్తే లాంతరు 100 ల్యూమెన్ల లోపే ఇస్తుంది. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు 900 దాకా ఇస్తుంది. చదువుకోవడానికి, వంటకు మీవారు చెప్పిన ఛార్జింగ్ లైటే సరైనది.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు):

మాస్టారూ, లెక్క నిజమే. కానీ 2009 అక్టోబరు వరదల్లో కర్నూలులో ఉన్నవాళ్ళను అడగండి. కింది అంతస్తు మునిగి మేము మిద్దె మీద ఉన్నాము, రోజుల తరబడి కరెంటు లేదు. ఛార్జింగ్ లైటు మొదటి రాత్రికే అయిపోయింది. ఆ తర్వాత మాకు దారి చూపించింది పక్కింటి వాళ్ళ లాంతరు, మా దేవుడి కుందులు. మీ అత్తమ్మ మాట తీసిపారేయొద్దు చెల్లీ. లైటూ ఉండాలి, మంటతో వెలిగేది ఒకటీ ఉండాలి.

బాడిగ_లైట్లు (కడప):

అస్సలాము అలైకుం, అందరికీ నమస్తే. మా నాన్న పెళ్ళిళ్ళకు, ఉరుసుకు పెట్రోమాక్స్ లైట్లు బాడిగకిచ్చేవాడు. మా ఇంట్లో ఇప్పటికీ లాంతర్లు ఉన్నాయి, నేనే బాగుచేస్తాను. అక్కా, లాంతరు కొంటే ఇవి తెలుసుకుని కొనండి.

లాంతరుకు రెండు పక్కలా ఉన్న గొట్టాలు పట్టుకోవడానికి కాదు. అవి గాలిని మంట కిందికి తెస్తాయి, అందుకే గాలివానలో కూడా ఆరదు. ఆ గొట్టాలు నొక్కుకుపోయి ఉంటే ఆ లాంతరు వద్దు. నీళ్ళు పోసి టాంకీ అతుకుల దగ్గర కారుతుందా చూడండి, తర్వాత బాగా ఆరబెట్టాలి. వత్తి తిప్పే చక్రం బిగువుగా తిరగాలి.

కొత్త పట్టీ వత్తి వేసినప్పుడు కిరోసిన్ పోసి అరగంటైనా ఆగాలి. తడవని వత్తి అంటిస్తే అదే కాలిపోతుంది. వత్తిని కత్తెరతో సమంగా కత్తిరించి, రెండు మూలలు మాత్రం కొద్దిగా తీసెయ్యాలి. అప్పుడు మంట కొమ్ములు రాకుండా గుండ్రంగా వస్తుంది. వెలిగించాక రెండు మూడు నిమిషాలు మంట తక్కువగానే ఉంచండి, గాజు మెల్లగా వేడెక్కాలి. వేడి గాజు మీద ఒక్క నీటిచుక్క పడితే పగులుతుంది. మసి పట్టిన గాజును చల్లారాక పొడి బూడిదతో, పాత పేపరుతో తుడవండి, కడిగితే పూర్తిగా ఆరాకే పెట్టండి.

కిరోసిన్ పగటిపూట, ఇంటి బయట, లాంతరు చల్లగా ఉన్నప్పుడే పొయ్యాలి. వెలుగుతుండగా పొయ్యడం అంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. టాంకీ నిండా పొయ్యకుండా పైన కొంచెం ఖాళీ వదలండి. పెట్రోలు కలిసిన కిరోసిన్ అనుమానమొస్తే పారెయ్యండి, లాంతరు పేలుతుంది. రేషన్‌లో ఇచ్చే నీలం కిరోసిన్ మనకు ఇప్పుడు రావడం లేదు, బయట తెల్లదే కొనుక్కోవాలి. కాబట్టి రోజూ వాడకానికి కాదు, అవసరానికి దాచుకునే వస్తువు. తలుపులు, కిటికీలు మూసి లాంతరు వెలిగించి నిద్రపోకూడదు, పాప పడుకునే గదిలో అసలు వద్దు.

నర్సమ్మ (కర్నూలు):

ఆఖరి మాట నూటికి నూరు పాళ్ళూ నిజం. మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ చేరితే వాసన కూడా రాదు.

గానుగ_అన్న (అనంతపురం):

రాత్రంతా వెలిగే దీపం సంగతి ఎవరూ చెప్పలేదు. కార్తీకానికైనా దసరా తొమ్మిది రాత్రులకైనా ఒకటే పద్ధతి. మీరు కొన్న కుందిలో పగలు నూనె కొలిచి పోసి, ఎన్ని గంటలు వస్తుందో ఒకసారి చూసుకోండి. వత్తి మారితే ఆ లెక్కా మారుతుంది. రాత్రికి కావాల్సిన దానికంటే కొంచెం ఎక్కువ పట్టే కుందే కొనాలి, అర్ధరాత్రి నిద్రకళ్ళతో నూనె పోసే పని ఉండకూడదు. చుట్టూ ఇసుక పోసిన వెడల్పాటి పళ్ళెంలో పెట్టి, వేడికి తట్టుకునే గాజు గొట్టం పైన పెట్టండి. గాజు గొట్టం గాలి కోసమే కాదు. ఎలుకలు నూనె వాసనకు వచ్చి వెలుగుతున్న వత్తిని లాక్కుపోతాయి. దీపం నుంచి ఇల్లంటుకున్న సంగతులు మా ఊళ్ళో విన్నవాటిలో ఎలుక పని చాలా ఉంది. గాజు గొట్టం కింద గాలి పోవడానికి సందు ఉండాలి, లేకపోతే మంట ఊపిరాడక ఆరిపోతుంది.

దేవునికడప_వదిన (కడప):

అలా ఏర్పాటు చేసినా మధ్యలో కొండెక్కితే దానికి టెన్షన్ పడి ఏడవకు చెల్లెమ్మా. మా అమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుని మళ్ళీ వెలిగించేది, అంతే. ఇంట్లో అందరూ ఊరికి పోయేటట్టుంటే దీపం వెలిగించి తాళం వెయ్యకు. పక్కింటివాళ్ళకు అప్పగించడం కూడా వద్దు.

తుంగభద్ర_గట్టు (కర్నూలు):

అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. మేము అనుకున్నది ఇది. దీపాన్ని ముందు గదిలో గోడకు రాతి పలక బిగించి దాని మీదికి మారుస్తున్నాము, పాపకు అందదు, ఫ్యాను గాలి తగలదు. అడుగు వెడల్పుగా ఉండే ఒంటి వత్తి కుంది, గానుగ నువ్వుల నూనె, ఇంట్లో చేసిన వత్తులు. కార్తీకం రాత్రుళ్ళకు నువ్వుల నూనె, ఆముదం కలిపి, ఇసుక పళ్ళెం, గాజు గొట్టం. ప్యాకెట్ వెనక చదివాను, పొద్దుతిరుగుడు నూనె ఉంది అందులో. నిన్న వాషింగ్ సోడాలో నానేసి కడిగితే కుంది బంగారంలా వచ్చింది.

లాంతరు కూడా కొంటున్నాము, ఛార్జింగ్ లైటు కూడా. కిరోసిన్ ఇనుప డబ్బాలో, మిద్దె మెట్ల కింద తాళం వేసే గూట్లో పెడతాము. ఒకటే మిగిలింది. లాంతరు గాజు పగిలితే విడిగా దొరుకుతుందా అన్నా? కొలత ఎలా చెప్పాలి?

బాడిగ_లైట్లు (కడప):

దొరుకుతుంది అక్కా, పాత ఇనుప సామాన్ల అంగళ్ళలో, స్టవ్ రిపేరు చేసేవాళ్ళ దగ్గర అడగండి. ఎత్తు ఒక్కటే చెబితే సరిపోదు, గాజుల్లో పై మూతి, కింది మూతి వెడల్పులు వేరువేరుగా ఉంటాయి. లాంతరునే చేత్తో తీసుకుపోయి అక్కడే బిగించి, తీగ ఎత్తి దింపి చూసుకోండి. గాజు అటూ ఇటూ కదలకూడదు, అలాగని బిర్రుగానూ ఉండకూడదు, వేడికి వ్యాకోచించడానికి కొంచెం వదులు ఉండాలి. లాంతరు కొన్నరోజే ఇంకో గాజు కూడా కొని, గుడ్డలో చుట్టి అదే గూట్లో పెట్టుకోండి. గాలివాన రాత్రి అంగడి తెరిచి ఉండదు.